బ్రిడ్జెట్ కోసం ఆర్పేసిన ఇల్లు

నార్మన్ ఆష్‌వర్త్ ఇంగ్లండులో బర్న్‌లీ అనే ఊళ్ళో సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. పెళ్ళాం ఎప్పుడో వదిలేసి వెళ్ళింది. పిల్లల్లేరు. ఉన్నదల్లా బ్రిడ్జెట్. నారింజ రంగు పాము. జానెడున్నప్పుడు తెచ్చుకున్నాడు, ఇప్పుడు నిలబెడితే అతని భుజం దాకా వస్తుంది. పాముకి పాలు పోసి పెంచొద్దని మనవాళ్ళు అంటారు గానీ, నార్మన్ దానికి పోసింది పాలు కాదు, వేడి.

ఆ విషయంలో అతనికి మహా చాదస్తం. ముందుగదిలో గోడవారగా అద్దం తలుపున్న చెక్కపెట్టె. పెట్టెలో ఒక కొసన అడుగున వేడిచాప, పైన దీపం. రెండో కొస చల్లగా ఉంచాడు. తిన్నాక వెచ్చటి కొసకి, చాలనిపిస్తే చల్లటి కొసకి అది తన ఇష్టప్రకారం పోవాలి. వేడి మితిమీరకుండా ఆపే మీట సరిగ్గా పనిచేస్తోందో లేదో పొద్దున్నే పళ్ళు తోముకోకముందే చూసేవాడు. ఇవి చాలవన్నట్టు ఆ గోడకున్న రేడియేటర్‌ని, అదే వేడినీళ్ళ గొట్టాలతో గదిని కాచే ఇనపచట్రాన్ని, చలికాలమంతా ఆర్పేవాడే కాదు. తను మాత్రం వంటింట్లో కోటేసుకుని టీ తాగేవాడు.

అంతటి జాగ్రత్తపరుడు జనవరిలో ఓ పొద్దున పెట్టె తుడిచి, అద్దానికి గడియ వెయ్యడం మరిచిపోయాడు. బజారుకెళ్ళి వచ్చేసరికి పెట్టె ఖాళీ. మన వైపు చల్లగా ఉండమని దీవిస్తారు. బర్న్‌లీలో జనవరిలో ఎవరినైనా అలా దీవిస్తే కొట్టడానికొస్తారు. ఆ చలిలో పాము ఎన్నాళ్ళో బతకదు.

తప్పిపోయిన పాముని వెతికి పట్టుకోవడం అయ్యే పని కాదని పాములు పెంచేవాళ్ళందరికీ తెలుసు. ఇల్లంతా వేడి ఆర్పేసి, ఒక్కచోట మాత్రం వేడిచాప పరిచి, దానిమీద అట్టపెట్టె బోర్లించి ఊరుకోవాలి. చలికి తాళలేక అదే వచ్చి దూరుతుంది. నార్మన్ అలాగే చేశాడు. రెండు రోజులు తనూ వణికాడు. బ్రిడ్జెట్ రాలేదు.

చివరికి నేలమీద బోర్లా పడుకుని చూస్తే, గోడ మొదట్లో గొట్టం పక్కన రెండు వేళ్ళు పట్టే కన్నం కనిపించింది. రెండిళ్ళకీ ఒకటే గోడ, అవతల పక్కింటి మిసెస్ హార్గ్రీవ్స్ ఉంటుంది. అక్కడ వెచ్చగా ఉంటే ఇక్కడి చాప కోసం బ్రిడ్జెట్ ఎందుకొస్తుంది? ఆవిడ చేత కూడా హీటర్ ఆర్పించాలి. ఆవిడకా ఎనభై దాటాయి. పాము సంగతి తెలిసిన రోజు నుంచీ అతనితో మాటల్లేవు. వేయించిన చేపలమ్మే కొట్టు దగ్గర వరసలో అతను కనిపిస్తే ఆకలి చంపుకుని ఇంటికి పోయే మనిషి.

బిస్కెట్ల డబ్బా పట్టుకుని వెళ్ళి తలుపు కొట్టాడు. ఆవిడ కోటు, టోపీ, చేతులకి తొడుగులతో తలుపు తీసింది.

"ఏంటబ్బాయ్, నీ పురుగు చచ్చిందా?"

"లేదండీ, తప్పిపోయింది. మీ ఇంట్లోకి వచ్చిందేమోనని..."

"రానీ. వచ్చి బావుకునేదేముంది ఇక్కడ?"

"మీరు కోప్పడనంటే ఒక మాట. ఓ రెండ్రోజులు మీ హీటర్ ఆపారంటే..."

ఆవిడ పకపకా నవ్వింది. నవ్వుతుంటే నోట్లోంచి ఆవిరి వచ్చింది. "పనిచేస్తే కదా ఆపడానికి! నీళ్ళు కాచే బాయిలర్ నవంబర్లోనే పోయింది."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పమంటావ్? నీకా?"

లోపల నార్మన్ ఇంటికన్నా చలిగా ఉంది. వాలుకుర్చీ ఒకటి గోడకి ఆనించి ఉంది. కుర్చీలో దుప్పట్లు, వేడినీళ్ళ సంచీ.

"అదేంటండీ, కుర్చీ గోడకి అంటించారు?"

"నీ గోడేగా. వెచ్చగా ఉండేది. నీ పురుగు పుణ్యమా అని ఇన్నాళ్ళూ వీపు కాచుకున్నా. మొన్నట్నుంచి అదీ చల్లబడిపోయింది. నువ్వు పోయావేమో అనుకున్నాను."

"వచ్చి చూడలేదేం మరి?"

"వద్దామనే అనుకున్నా. బయట జారుడుగా ఉంది."

నార్మన్ సిగ్గుతో చచ్చిపోయాడు. పాము పెట్టెలో వేడి కాస్త తగ్గితే నిద్రలేచేవాడు, ఇటుక వెడల్పు అవతల ఒక ముసలావిడ గడ్డకట్టుకుపోతుంటే ఎరగడు. ఇప్పుడు తన ఇంట్లో హీటర్లు వేస్తే వేడిచాప ఎత్తు పారదు, బ్రిడ్జెట్‌ని వదులుకోవడమే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా ఇంటికెళ్ళి ఒక్కొక్క రేడియేటరే తిప్పి వేసి, మళ్ళీ ఆవిడ దగ్గరికి వచ్చాడు.

"లేవండి, మా ఇంటికి పోదాం. బాయిలర్ మనిషికి నేను ఫోన్ చేస్తాను."

"పాములున్న ఇంటికా?"

"ఇప్పుడు లేదు కదండీ," అన్నాడు.

ఆవిడ అతని మొహంలోకి చూసి, ఇంక వెటకారమాడలేదు. "సరే, కుర్చీ కూడా తీసుకురా. ఇంకో దాంట్లో నా నడుం నిలవదు."

ఆ కుర్చీ ఈడ్చుకొచ్చేసరికి నార్మన్‌కి ప్రాణం కడంటింది. రేడియేటర్ పక్కన వేసి, ఆవిణ్ణి కూర్చోబెట్టి, టీ ఇచ్చాడు. గది మెల్లగా వేడెక్కింది. ఆవిడ టోపీ తీసింది, తొడుగులు తీసింది. రెండో కప్పు సగం తాగి, కదలకుండా కిందికి చూసింది.

"అబ్బాయ్, నీ పురుగు."

కుర్చీ అడుగున కుట్టిన గుడ్డ చిరుగులోంచి నారింజ రంగు తల, ఆవిడ మడమ పక్కన. నార్మన్ నేలమీద కూర్చుని వంగి చూశాడు. అతను గోడకి ఇవతల చాప పరిస్తే, అది అవతల ఆవిడ కిందికి చేరింది. ఆ చలి కొంపలో ఆవిడ ఒక్కతే వెచ్చగా ఉంది.

"మొన్నట్నుంచీ నా కిందే పడుకుందా?"

"అలాగే ఉందండీ." నార్మన్ ఏడుస్తూ నవ్వుతూ చెయ్యి చాచాడు.

"లాగకు," అంది మిసెస్ హార్గ్రీవ్స్, కాలు కదపకుండా. "దాన్ని కూడా కాస్త కాచుకోనీ."