నారాయణమ్మ అర్జీని లినక్స్ చదవలేదు

జమ్మలమడుగులో నాకొక చిన్న డీటీపీ షాపు ఉంది. వైరస్‌ల బాధ పడలేక, పోయిన నెలే కంప్యూటర్లో విండోస్ తీసేసి లినక్స్ వేసుకున్నాను. నెలంతా హాయిగా ఉన్నాను.

ఈ రోజు, శుక్రవారం మధ్యాహ్నం, పెద్దముడియం వైపు పల్లె నుంచి నారాయణమ్మ అనే ఆమె పెన్‌డ్రైవ్ తెచ్చింది. ఫ్యాక్షన్‌లో ఆమె భర్తను చంపారు. కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన తనకు రక్షణ కావాలని ఎవరితోనో టైపు చేయించిన అర్జీ అందులో ఉంది. సాయంత్రం ఐదులోపు కోర్టు ఆఫీసులో ఇవ్వాలి.

ఫైలు విండోస్‌లోనే పనిచేసే పాత తెలుగు ఫాంటులో ఉంది. లినక్స్‌లో తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులే. రెండు గంటలు తంటాలు పడ్డా అక్షరం కనపడలేదు.

"ఎదురు షాపులో విండోస్ ఉండాది, ఆడైతే వస్తాదమ్మా, ఆడికి పో" అన్నాను.

"ఆ షాపు మా ఆయన్ను సంపినోళ్ల పార్టీదప్పా. ఈ కాగితం వాళ్ల చేతిలో ఎట్ల పెడతా?"

చివరికి ఆమె చెబుతుంటే నేనే కొత్తగా టైపు చేశాను. భర్తను నరికిన సంగతి దగ్గర రెండుసార్లు వాక్యం మార్పించింది. ప్రింటు ఇచ్చేసరికి ఐదు దాటింది.

కాసేపటికి తిరిగొచ్చింది. "తాళమేసుకోని పోయినారు. వాచ్‌మెన్ సోమవారం రమ్మంటాండాడు. అంతవరకు బతికుంటే వస్తాలే."

ఆమె ఊరి బస్సెక్కింది. నేనింకా ఆ ఫాంటు కోసమే వెతుకుతున్నాను. దాన్ని లినక్స్‌లో తెరిచే దారి తెలిసినవాళ్లు చెప్పండి. లినక్స్ గొప్పతనం మాత్రం ఈ రోజుకు చెప్పకండి.