బురైమిలో నేను తాగకుండా పెట్టిన కాఫీ

మేముండే గల్ఫ్ దేశానికి సరిహద్దు ఊరైన బురైమి చూడాలని ఎప్పుడూ అనుకోలేదు. అల్ ఖువైర్‌లో మా ఆఫీసులో నబీల్ అని పాలస్తీనా ఇంజినీరు, నాలుగేళ్లుగా నా పక్క సీటు. వాళ్లమ్మ గాజా నుంచి వైద్యానికి కైరో చేరింది. సోమవారం గుండె ఆపరేషన్. ఇద్దరు కొడుకులూ ఒకేచోట కూర్చుని ఫోన్ చేస్తేనే కాగితం మీద సంతకం పెడతానని ఆవిడ మొండికేసింది. వాళ్లిద్దరికీ చూస్తే రెండేళ్లుగా మాటల్లేవు. అన్న ఖాలెద్‌ది బురైమిలో టైర్ల షాపు. పోరాడితే తప్ప తమ నేల తమకి రాదంటాడు. నబీలేమో ఎప్పటికైనా కూర్చుని మాట్లాడుకోవాల్సిందేనంటాడు. తనొక్కడే వెళ్తే అన్న తలుపు తియ్యడనీ, అతిథులుంటే తీస్తాడనీ మమ్మల్ని తోడు రమ్మన్నాడు. మా ఆయన సుధాకర్‌కి ప్రయాణమంటే చాలు, ఎందుకని కూడా అడగడు.

శనివారం పొద్దున ఆరింటికి ఘుబ్రాలో బయల్దేరాం. సొహార్ దాకా రెండు గంటలు, అక్కణ్ణించి కొండల మధ్య రోడ్డు మరో గంటన్నర. రానూపోనూ పెట్రోలుకి పదమూడు రియాళ్లయింది. సొహార్‌లో ఓ మలయాళీ హోటల్లో ముగ్గురికీ టిఫిన్ అని ఆగాం గానీ తిన్నది ఇద్దరే. నాకు ఏకాదశి, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను. పరోటాల వాసన పీలుస్తూ కూర్చున్నా, మా ఆయన మాత్రం నన్ను చూసి చూసి మరీ తిన్నాడు.

ఖాలెద్ తలుపు తీశాడు. మమ్మల్ని ఆదరంగా లోపలికి పిలిచాడు, తమ్ముణ్ణి మాత్రం చూడనట్టే ఊరుకున్నాడు. చిన్న చిన్న కప్పుల్లో కాఫీ వచ్చింది. వద్దంటే బాగోదని అందుకుని, మా ఇళ్లలో ఉపవాసమున్నవాళ్లు చేసినట్టే నెమ్మదిగా ముందు పెట్టేశా. ఈలోగా అన్నదమ్ములకి అంటుకుంది. మా కోసమని ఇంగ్లీషులోనే తిట్టుకున్నారు. చర్చలు, చర్చలని ముప్పై ఏళ్లు కూర్చుంటే ఉన్న నేలా తరిగిపోయిందన్నాడు అన్న. తుపాకులు పట్టి ఏం మిగిల్చారు, అమ్మకి ఇల్లు కూడా లేదన్నాడు తమ్ముడు. ఇద్దరి మాటా నిజంలాగే ఉంది, నాకు ఏడుపొచ్చింది.

నబీల్ లేచి చెప్పులేసుకుంటున్నాడు. అప్పుడు ఖాలెద్ చూపు నా కప్పు మీద పడింది. గొంతు తగ్గించి, "చెప్పమ్మా, ఏం కావాలి?" అన్నాడు.

నాకేం అర్థం కాలేదు. నబీలే చెప్పాడు: వాళ్లలో అతిథి కాఫీ తాగకుండా కింద పెడితే ఏదో అడగడానికొచ్చినట్టట. అది ఒప్పుకుంటేనే తాగుతారు. తాగకుండా వెళ్లిపోతే ఆ ఇంటికి తలవంపులు. ఉపవాసం అని చెప్పేస్తే అక్కడితో పోయేదే. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. మింగేసి, "మీ అమ్మగారికి ఇద్దరూ కలిసి ఫోన్ చెయ్యండి అన్నయ్యా" అన్నాను.

ఆయన తమ్ముణ్ణి వచ్చి పక్కన కూర్చోమని సైగ చేశాడు. తర్వాత ఫోన్ తీసి, "తాగు. చేస్తున్నా" అన్నాడు.

తాగాను. చల్లారిపోయింది, చేదు. పదకొండేళ్లుగా తప్పని ఏకాదశి ఆ రోజు గంగలో కలిసింది. మా ఆయన ఇప్పటికీ ఏడిపిస్తాడు, ఏడిపించనీ. హమ్మయ్య అని ఒళ్లంతా తేలికపడింది, అది చాలు.

సోమవారం సాయంత్రం ఆపరేషన్ బాగా జరిగిందని నబీల్ మెసేజ్ పెట్టాడు. ఆ నేల గొడవ మాటలతో తెగుతుందో, బలంతో తెగుతుందో నాకు తెలీదు. ఆ అన్నదమ్ములకే ఇంకా కుదర్లేదు, ఇప్పుడు వారం వారం ఫోన్లో పోట్లాడుకుంటున్నారు. మీరు ఆ దారిలో వెళ్తే రెసిడెంట్ కార్డూ, బండి కాగితాలూ చేతికందేలా పెట్టుకోండి, బురైమికి ముందే చెక్‌పోస్టు ఉంది. ఆ శనివారం ఫోన్లో కైరో నుంచి వాళ్లమ్మ ఏమందో తిరుగుదారిలో నబీల్ చెప్పాడు. ఎవరు ఎవరి మాట ఒప్పుకున్నారని అడిగిందట. ఎవరమూ ఒప్పుకోలేదమ్మా అన్నారట ఇద్దరూ. "సరే, కాగితం ఇమ్మనండి, సంతకం పెడతా" అందట.