గోనెసంచుల కింద గుమ్మటం పొయ్యి

2023 వేసవి. అప్పటికి నేను జనగామలో ఒక గది అద్దెకు తీసుకొని, చుట్టుపక్కల మండలాల్లో ఇళ్ళ పనులు చూసే సివిల్ ఇంజనీరుగా ఉన్నాను. పెద్దవంగర దగ్గరి మా తండాలో, మా ఇంటి నుంచి డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేనే. దానివల్ల గౌరవం దక్కింది కానీ, సాయంత్రం ఇంటికి ఫోన్ చేసినప్పుడు చేసిన పని గురించి చెప్పుకోవడానికి ఎవరూ ఉండేవారు కాదు. "తిన్నావా" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాక, ఇంట్లోవాళ్ళు ఫోన్ పెట్టేసేవారు.

ఆ వేసవిలో బచ్చన్నపేట దగ్గరి ఒక ఊరి నుంచి మల్లేశం గారు నన్ను పిలిపించారు. ఆయనకు యాభై దాటాయి. గల్ఫ్‌లో ఒక హోటల్లో చాలా ఏళ్ళు పిజ్జాలు కాల్చి తిరిగివచ్చారు. భార్య పోయింది, పిల్లలు లేరు. పెరట్లో ఇటుకలతో గుమ్మటం ఆకారంలో పిజ్జా పొయ్యి కట్టించాలన్నది ఆయన కోరిక.

"ఊర్లె పిజ్జా ఎవరు తింటరు మల్లేశన్నా?" అని అడిగాను.

"తినకుంటె తినకపోనీ సారు. చేతులు ఊకుంటలేవు. హోటలోళ్ళు మళ్ళ రమ్మంటున్నరు, నెలాఖరుకు ఏదో ఒకటి చెప్పాలె. పొయ్యి నిలబడితె ఊర్లె ఉంట. లేకుంటె పోత. గంతే."

పెరటి గోడకు అవతల ఆయన వదిన లక్ష్మి ఒంటరిగా ఉండేది. అన్న చనిపోయినప్పుడు సెలవు దొరకక మల్లేశం గారు రాలేకపోయారు. అప్పటి నుంచి ఆమె ఆయనతో మాట్లాడటం మానేసింది. గోడ నడుము ఎత్తే. ఆమె గిన్నెలు తోమే చప్పుడు మాకు వినిపించేది. మా మాటలు ఆమెకూ వినిపించే ఉంటాయి.

ఇటువంటి పొయ్యికి మామూలు ఇటుక పనికిరాదు. ఎంత మంటనైనా తట్టుకునే ఫైర్ బ్రిక్ కావాలి. తడి ఇసుకను కుప్పగా పోసి, దానినే అచ్చుగా చేసుకొని, చుట్టూ వరుస మీద వరుస పేర్పించాను. నట్టనడుమ పైన బిగించే చివరి ఇటుకను కీ స్టోన్ అంటారు. అది కూర్చున్నాక మిగిలినవన్నీ ఒకదానినొకటి ఒత్తుకొని నిలబడతాయి. పొయ్యి నోటి నుంచి ఇసుకంతా తోడేశాక, లోపల ఏ ఆధారమూ లేకుండా గుమ్మటం నిలిచింది. మల్లేశం గారు అందులోకి తలపెట్టి "ఓ" అని పిలిచి చూశారు. ఆయన గొంతే ఆయనకు తిరిగి వినిపించింది. కాసేపటి దాకా తల బయటికి తీయలేదు.

సిమెంటు పనికి నీళ్ళు పట్టాలి. దీనికి పట్టకూడదు. ఇటుకల మధ్య ఉన్నది బంకమట్టి, ఇసుక కలిపిన మాలు. అది మెల్లగా ఆరాలి. రోజూ చిన్న మంట పెట్టి, కొద్దికొద్దిగా పెంచాలి. దీనినే క్యూరింగ్ ఫైర్ అంటారు. ఎండకు ఒక్కసారిగా ఆరి పగుళ్ళు రాకుండా, మంట లేని వేళల్లో పొడి గోనెసంచులు కప్పి ఉంచమని జనగామకు వచ్చాక ఫోన్‌లో చెప్పాను.

కొన్నాళ్ళకు ఫోన్ వచ్చింది.

"పొద్దుగాల లేచి చూస్తె సంచులు తడిగ ఉంటున్నయి సారు. లోపటి తడి బయటికొస్తున్నదేమో."

"గంత తడి రాదన్నా. నేనొచ్చి చూస్త. అప్పటిదాక మంట పెంచకు."

కానీ నెలాఖరు దగ్గరపడింది. నేను వెళ్ళేలోపే ఆయన పెద్ద మంట పెట్టారు. ఇటుకలు తాగిన నీరు ఆవిరై, మెత్తబడిన మాలును చీల్చుకొని వచ్చింది. పై వరుసలు కీ స్టోన్‌తో సహా లోపలికి జారిపోయాయి.

"పోవుడే సారు," అన్నారు ఫోన్‌లో. "రేపు వాళ్ళకు చెప్పేస్త."

మరునాడు మొదటి బస్సుకు వెళ్ళాను. ఆయన ఇంకా లేవలేదు. పెరట్లో లక్ష్మి, మిగిలిన గుమ్మటం మీద కప్పిన సంచులపై బకెట్‌తో నీళ్ళు పోస్తోంది.

"ఏం జేస్తున్నవక్కా?"

"కండ్లకు కనవడ్తలేదా సారు? కొత్త కట్టుడాయె. సంచులు కప్పి ఇడిచిపెట్టిండు, ఒక్కనాడన్న నీళ్ళు వట్టలే. నేను వట్టిన గాబట్టి గిన్నొద్దులన్న నిలబడ్డది. ఇగ మిగిలిందన్న ఉండనీ."

"మల్లేశన్నకు ఒక మాట చెప్పకపోయినవా?"

"నేను మాట్లాడ," అని బకెట్ తీసుకొని గోడ దాటి వెళ్ళిపోయింది.

మా ప్రాంతంలో కొత్త కట్టడం మీద గోనెసంచులు కనిపిస్తే, వాటిని తడపాలని ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. ఇంటి పిల్లర్లకు అందరూ చేసే పనినే ఆమె చేసింది.

మల్లేశం గారు లేచి వచ్చాక జరిగింది చెప్పాను. హోటలు వాళ్ళకు చేయడానికి ఫోన్ అప్పటికే ఆయన చేతిలో ఉంది.

"వదినెనా?"

"అవునన్నా."

"రోజూ ఆమెనేనా?"

ఆయన ఫోన్ జేబులో పెట్టుకొని, వంగి తడి సంచిని అరచేత్తో ఒత్తి చూశారు.

"నీళ్ళతోనే కూలిందని ఆమెకు చెప్పకుండ్రి సారు."

"చెప్పకుంటె మళ్ళ పోస్తది గదన్నా."

"ఈసారి సంచులు కప్పొద్దు. రేకుల నీడ ఏద్దాం."

నెలాఖరు దాటిపోయింది, ఆయన గల్ఫ్‌కు ఫోన్ చేయలేదు. పొయ్యి మళ్ళీ కట్టాం, రేకుల నీడలోనే ఆరింది. మొదటి పిజ్జా మీద ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి దట్టంగా వేసి, స్టీలు ప్లేటులో పెట్టి ఆయన దానిని గోడ మీద ఉంచారు. మేము ఇటు తిరిగి కూర్చున్నాం. తిరిగి చూసేసరికి గోడ మీద ప్లేటు లేదు.

ఇప్పుడు నేను మహదేవపూర్ వైపు పనులు చూస్తున్నాను. ఇక్కడా గదిలో ఒక్కడినే. ఏ పని చేపట్టినా, చేయకూడనిదేమిటో ఇంటి యజమానికే కాక, గోడ అవతలి వారికీ స్వయంగా వెళ్ళి చెప్పడం ఆ పొయ్యి నాకు నేర్పింది. ఎవరు ఎవరి మీద కన్నువేసి ఉంచారో ప్లాన్‌లో కనిపించదు.

మొన్న ఫోన్ చేసినప్పుడు, ఆ ప్లేటు తిరిగి వచ్చిందా అని మల్లేశం గారిని అడిగాను.

"రాలే సారు. రాకుంటెనే మంచిగున్నది. వస్తె ఆడికే అయిపాయె. రాకుంటె, ఏదో ఒకనాడు వదినెను అడగనీకె నాకొక మాటుంటది."