బదరీలో పెట్టిన పిండం

మలయాలో సుంగై పెటాని ఊరి అవతలి రబ్బరు తోటలో అడవి నరుకుతుండగా చెట్టు మీద పడి మరిడమ్మ మొగుడు సన్యాసి పోయాడు. ఓడ దిగి రెండేళ్ళయినా కాలేదు. బిడ్డలు లేరు. తోటలోనే కాల్చారు. ఆ చోట కూడా దొర రబ్బరు మొక్కలు నాటించేశాడు. ఇప్పుడు సన్యాసి ఏ వరసలో ఉన్నాడో దేవుడికైనా తెలుసో లేదో.

ఆమెకు మిగిలింది ఏడాదికి ఒక్క రోజు. అతను పోయిన తిథినాడు ఎండుచేపల పులుసు వండి, కూలీల లైను ఇళ్ళ వెనక ఆకు వేసి, పగలంతా అతనితో దెబ్బలాడేది. పెళ్ళాం పెట్టకూడదని సణిగిన ముసలాళ్ళను, "అయితే నాకో కొడుకును కనిచ్చీండి, ఆడే పెడతాడు" అని నోరు మూయించింది.

సన్యాసి పినతండ్రి కొడుకు బంగారయ్య దేశం వెళ్ళి, బైరాగుల వెంట హిమాలయాల దాకా నడిచి తిరిగొచ్చాడు. పుణ్యం చేసేవాళ్ళు ఎవరినీ అడిగి చేయరు, అదే వాళ్ళతో వచ్చిన తంటా.

"వొదినా, బదరీలో అన్నకి పిండం పెట్టీసినాను. కొండల మద్దిన పాతకాలం గుడి. అక్కడొక్కసారి పెడితే మరి ఏటేటా పెట్టక్కర్లేదు. నీకు బాద తీరిపోనాది."

లైన్లలో ఆడవాళ్ళంతా ఆమెది అదృష్టమన్నారు. మరిడమ్మ బంగారయ్య వైపు తిరిగింది.

"అక్కడ సలేనా?"

"మంచే వొదినా. నేల కనపడదు."

"సినుకు పడితే వొణికేటోడు. తీసుకెల్లి మంచులో వొగ్గీసి వొచ్చినావా?"

పరాచకమనుకుని బంగారయ్య నవ్వాడు. "వొగ్గీడమేటి? సొర్గానికెల్లిపోనాడు. మల్లీ ఆకేసి పిలిసినావంటే కిందికి లాగినట్టే."

పిలిస్తే అతని స్వర్గం పోతుంది. పిలవకపోతే తనకేమీ ఉండదు. తిడదామంటే బంగారయ్య పాదాలు పగిలి పుళ్ళు పడి ఉన్నాయి. వేన్నీళ్ళు కాచి ఆ కాళ్ళకు పోసింది.

తిథి వచ్చింది. అలవాటుగా ఎండుచేపలు నానబోసి, కాసేపు వాటిని చూస్తూ కూర్చుని, గిన్నెతో సహా పక్కింటికి ఇచ్చేసింది. ఆ ఇంటికి కొత్తగా కాపురానికొచ్చిన కన్నమ్మకు ఈ సంగతులేవీ తెలియవు.

"నీకొద్దేటి అత్తా? ఇయ్యాల ఉపాసమా? దినమేదైనా ఉందా?"

మరిడమ్మ రబ్బరు పాలు పట్టే బాల్చీ అందుకుని గుమ్మం దిగింది.

"ఏటీ లేదమ్మా. నిన్నటి లాటి రోజే."