వెనక నుంచి పిలిస్తే

మా కొనకనమిట్ల వైపు కొన్ని ఊళ్లలో పెద్దవాళ్లను వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పి చూడరు. చూడలేరు. చేతికర్ర నేలకు ఆనించి, పాదాలు కొద్దికొద్దిగా జరుపుకుంటూ మనిషి మొత్తంగా మనవైపు తిరుగుతాడు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకల్లోకి దిగి మెడనూ నడుమునూ మోకాళ్లనూ బిగించేస్తుంది. మార్కాపురంలో ఒక దినపత్రికకు విలేకరిగా చేరిన కొత్తలో నేను ఆ నీళ్ల మీద చాలా వార్తలు రాశాను. ఫొటోలు కావాలని డెస్కు వాళ్లు అడిగేవారు. వెళ్లి ఎవరినో ఒకరిని నిలబెట్టి తీసేవాడిని. ఇందులో ఫొటో తీయవలసినంత వింత ఏముందో ఆ ఊళ్లవాళ్లకు అర్థమయ్యేది కాదు. ఇంటికొకరు అలా తిరిగేవాళ్లే. దాన్ని చూసి జాలిపడేవాళ్లూ లేరు, నవ్వేవాళ్లూ లేరు.

అలా తిరిగే ఒక గొర్రెల కాపరికి ఒక్కతే కూతురు. సినిమాల్లో, టీవీలో హాస్యనటి అయింది.

ఆ అమ్మాయిని నేను మొదట చూసింది మార్కాపురంలో కాలేజీ పిల్లల నాటకాల పోటీలో. పద్దెనిమిదేళ్ల పిల్ల అత్తగారి వేషం కట్టి, కోడలు పెట్టిన సంగటి ముద్దను వేలితో నొక్కి చూసి ఒక్క మాటా అనకుండా పక్కకు జరిపింది. హాలంతా గొల్లుమంది. బహుమతి వార్తలో ఆమె ఫొటో వేయించాను. అప్పటి నుంచి నన్ను అన్నా అనేది. ఆమెకు అన్నను కాబట్టి వాళ్ల నాన్నను నేను పెదనాయనా అని పిలిచేవాడిని. మావైపు చుట్టరికాలకు ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

హైదరాబాదు వెళ్లాక చాలా ఏళ్లు పనిమనిషి, పక్కింటి పిన్ని, ఆస్పత్రి ఆయా వేషాలే వచ్చాయి. ఒక సినిమాలో వంటమనిషి పాత్ర. యజమాని వెనక నుంచి కేకేస్తే ఉలిక్కిపడి చూడాలి. ఉలిక్కిపడటం అందరూ చేసేదే, నువ్వు కొత్తగా ఏదైనా చెయ్యమ్మా అన్నాడట దర్శకుడు. ఆమె గరిటె పట్టుకుని, మెడ కదలనివ్వకుండా, పాదాలు జరుపుకుంటూ నిదానంగా మొత్తం మనిషి తిరిగింది. తిరగడం పూర్తయ్యేసరికి కెమెరా వెనకాలవాళ్లు కూడా నవ్వుతున్నారు.

ఆ సినిమా మార్కాపురం వచ్చినప్పుడు ఊరివాళ్లు ట్రాలీ ఆటోలు కట్టించుకుని వచ్చారు. వార్త కోసం నేనూ వెళ్లి పెదనాయన పక్కన కూర్చున్నాను. ఆ సీను వస్తుంటే నాకు భయమేసింది. ముందుగా నవ్వింది ఆయనే.

"వార్నీ, అది నేనే గదరా!" అని అరిచి, నవ్వి నవ్వి దగ్గాడు. ఇంటర్వెల్లో అందరూ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు.

"కోపం రాలేదా పెదనాయనా?" అని అడిగాను.

"కోపమెందుకబ్బయ్యా? ఇన్నేండ్లు నేను తిరుగుతాండా, చూసినోడు ఒక్కడూ లేడు, గొర్రెలు తప్ప. అది ఒక్కసారి తిరిగితే జనం టిక్కెట్టు కొని చూస్తాండారు. చేతిలో కర్ర లేదు గానీ, తతిమ్మాదంతా నాదే."

ఆ తర్వాత ఆమె ఏ సినిమాలో కనిపించినా ఎవరో ఒకరు వెనక నుంచి పిలవాల్సిందే. టీవీ సీరియల్లో అత్తగారైనా, కామెడీ షోలో కలెక్టరైనా అంతే. పిలుపు వినపడగానే, ఆమె ఇంకా కదలకముందే జనం నవ్వడం మొదలుపెట్టేవారు. నగరాల్లోని పత్రికలు ఆమె కనిపెట్టిన మేనరిజం అని రాశాయి.

మావైపు మాత్రం ఒక మార్పు వచ్చింది. అది నా కళ్లముందే వచ్చింది. బస్టాండులో, పలకల ఫ్యాక్టరీల దగ్గర, సంతలో, కుర్రాళ్లు ముసలివాళ్లను వెనక నుంచి పిలవడం మొదలుపెట్టారు. "ఓ తాతా, డబ్బులు పడిపోయినాయి!" ఆ ముసలాయన కష్టపడి తిరిగేసరికి అందరూ ఎటో చూస్తూ నిలబడేవారు. చిన్నప్పటి నుంచి ఆ తిరుగుడును చూస్తూ పెరిగిన మాకు అది నవ్వొచ్చే సంగతని తెర మీద చూశాకే తెలిసింది.

పెదనాయన ఈ సంగతి కూతురికి ఎన్నడూ చెప్పలేదు. నేనూ ఫోన్లో చెప్పే విషయం కాదనుకున్నాను.

ఒకరోజు ఉదయం ఆమె హైదరాబాదు బస్సు దిగింది. జనం సెల్ఫీలకు ఎగబడతారని ముఖానికి చున్నీ చుట్టుకుంది. ఊరికి నా బండి మీద తీసుకుపొమ్మని ముందే ఫోన్ చేసింది కాబట్టి నేను బస్టాండులోనే ఉన్నాను. అది గొర్రెల సంత రోజు. కొంచెం దూరంలో పెదనాయన, భుజాన సంచీ, చేతిలో కర్ర, కొనకనమిట్ల బస్సు ఆగేచోటికి నడుస్తున్నాడు. ఆమె నాకంటే ముందే చూసింది.

బెంచీ మీద కాలేజీ కుర్రాళ్లు కూర్చుని ఉన్నారు.

"తాతా, ఓ తాతా! సంచీ చిరిగింది చూసుకో!"

ఆయన ఆగలేదు.

"తాతా, నీ కూతురొచ్చింది! సినిమా కూతురు!"

ఆగలేదు. వాళ్లలో ఒకడు అచ్చం ఆమె గొంతు పెట్టి, "నాయనా... ఓ నాయనా" అని సాగదీశాడు. బాగా చేశాడని మిగతావాళ్లు వాడి వీపు చరిచారు.

ఆమె నా పక్కన బిగుసుకుపోయి నిలబడింది. తర్వాత చున్నీ కిందికి లాగి తనే పిలిచింది. "నాయనా!"

ఆయన తిరగలేదు. కర్ర పొడుచుకుంటూ పోతూనే ఉన్నాడు. ఆమె పరుగెత్తి, ఆయన్ను దాటి, ఎదురుగా వెళ్లి నిలబడింది. కుర్రాళ్లు నోళ్లు తెరుచుకుని లేచి నిలబడ్డారు.

"నువ్వా పాపా?" అన్నాడాయన. "రోజూ ఎవడో ఒకడు నీ గొంతు పెట్టి పిలుస్తాంటాడు. మొదట్లో తిరిగేటోన్ని. బాగానే చేస్తారులే నా కొడుకులు. నీకంటే వాళ్లే మేలు."

నవ్వించడానికే అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆ సాయంత్రం వాళ్ల ఇంటి ముందు గొర్రెల దొడ్డి దగ్గర నిలబడి నాతో అంది: "అన్నా, నా గొంతూ వాళ్ల గొంతూ ఒకటైపోయినాయి ఆయనకు. ఇంకేమీ వద్దన్నా నాకు. నేను పిలిస్తే మా నాయన తిరగాల, అంతే."

ఆ తర్వాత ఆమె అలా తిరగడం మానేసింది. మోకాళ్ల నొప్పులని షో వాళ్లకు చెప్పింది. రెండు మూడు సార్లు బతిమాలారు. ఆ తర్వాత పిలవడం మానేశారు. సీరియల్లో అత్తగారిని తీర్థయాత్రకు పంపించేశారు. ఆ అత్తగారు మళ్లీ రాలేదు. గిద్దలూరులో ఒక బట్టల దుకాణం ప్రారంభానికి వస్తే నేనూ చూడ్డానికి వెళ్లాను. మైకు పట్టుకున్నవాడు "అక్కా, ఒక్కసారి, మన గిద్దలూరు కోసం" అన్నాడు. వెనక నుంచి జనం ఒకటే కేకలు. ఆమె తిరగకుండా రిబ్బను వైపే చూస్తూ నిలబడింది. అదీ కామెడీయే అనుకుని జనం మరింత నవ్వారు.

పని లేకపోయేసరికి ఊళ్లోనే ఎక్కువగా ఉండసాగింది. పెదనాయన గొర్రెలు అమ్మేశాడు. పొద్దస్తమానం నులకమంచం మీద ఖాళీ దొడ్డి వైపు ముఖం పెట్టి కూర్చునేవాడు. నేను వెళ్లినప్పుడల్లా చూసేవాడిని. ఆమె కావాలనే గడపలో, ఆయన వెనక నిలబడి పిలిచేది. "నాయనా, కాఫీ." ఆయన చెయ్యి మాత్రం పైకెత్తేవాడు. "ఇట్ల ముందుకు రామ్మే. ఆడ నిలబడుకోని ఏంది కేకలు? నాకు చెవుడు రాలేదు."

నడుము పూర్తిగా బిగుసుకుపోయిందని, ఇక తిరగడం కుదరదని ఒంగోలు డాక్టరు చెప్పాడు. ఆ మాట ఆమెకూ చెప్పాను.

"తిరగలేక కాదన్నా. తిరగడు," అంది.

ఏది నిజమో నాకు తెలియదు. ఆయన్ను అడగడానికి రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి, వానల గురించి మాట్లాడి వచ్చేశాను.

ఎండాకాలం మొదట్లో పెదనాయన పోయాడు. నేను వెళ్లేసరికి స్నానం చేయించారు. వెల్లకిలా పడుకోబెట్టబోతే మనిషి పడుకోలేదు. మోకాళ్లు చాపుకోలేదు, వంగిన నడుము సాగలేదు. బలవంతం చెయ్యొద్దని ఆమె చెప్పింది. పక్కకు తిప్పి పడుకోబెట్టి అలాగే పాడె కట్టారు. కొడుకులు లేరు కాబట్టి కూతురు నిప్పు పట్టుకుని ముందు నడిచింది. ఊరి ఆడవాళ్లలో ఒకరిద్దరు గొణిగారు గానీ అడ్డుపడలేదు. ఆమె ముఖం తెలిసినవాళ్లు పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చారు. కొందరు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

సగం దారిలో, వేపచెట్లు దాటాక, దింపుడు కళ్లెం కోసం పాడె దించారు. పోయిన మనిషిని అక్కడ ఆపి, అయినవాళ్లు చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ పిలుపుకు లేస్తాడని. లేచినవాళ్లను నేను చూడలేదు. పిలవకుండా మోసుకుపోయినవాళ్లనూ చూడలేదు.

"రా పాపా, నువ్వే పిలవాల," అన్నాడు ఆమె చిన్నాయన. పెదనాయన ముఖం అటువైపు ఉంది. ఇటువైపు వీపు. చిన్నాయన ఇటువైపు నుంచే ఆమెకు చోటు చూపించాడు. "ఈడ కూర్చోని చెవిలో పిలువు."

ఆమె కూర్చోబోయి ఆగింది. లేచి, పాడె చుట్టూ నడిచి, అటువైపు వెళ్లి దుమ్ములో ఆయన ముఖానికి ఎదురుగా కూర్చుంది.

"ఆడ గాదమ్మా. చెవి కాడ కూర్చోవాల."

"ఆయన తిరగాల్సిన పని లేదు చిన్నాయనా."

చిన్నాయన అర్థం కాకపోయినా పక్కకు జరిగాడు. ఆమె ఆయన చెంప మీద చెయ్యి వేసి పిలిచింది. గొంతు చాలా చిన్నగా ఉంది. వెనక నిలబడ్డవాళ్లకు వినపడి ఉండదు. ఫోన్లు పట్టుకున్నవాళ్లలో ఒకాయన చెయ్యి దించేశాడు. మూడోసారి పిలిచాక, ఇక ఎత్తుదామని మోసేవాళ్లు వంగారు. ఆమె కళ్లు ఆయన మీద నుంచి తీయలేదని చూసి మళ్లీ నిటారుగా నిలబడ్డారు. డప్పులవాళ్లు కూడా ఆగారు. ఎవరూ ఆమెను లెమ్మనలేదు.

కాసేపటికి తనే పైట చెంగుతో ఆయన నుదుటి మీది దుమ్ము తుడిచి, లేచింది.

"ఎత్తండి చిన్నాయనా," అంది. "ఎండెక్కుతాంది."