తుపాను కంటే ముందు

నిన్న సాయంత్రం తెల్లాపూర్‌లో మా బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తుంటే ఫోన్లో తుపాను హెచ్చరిక మోగింది. పక్కింటావిడ తొంగిచూసి, "ఇక్కడిదాకా సముద్రం రాదులెండి" అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ, మనసు హైటెక్ సిటీలోని మా పాత ఆఫీసుకి వెళ్ళిపోయింది.

తుపాను వస్తే సముద్రం ఏ ఊళ్ళోకి ఎంత దూరం చొచ్చుకొస్తుందో కంప్యూటర్లో లెక్కగట్టడం అక్కడ మా పని. సముద్రాన్ని చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో నీటిమట్టం ఎంతో తేల్చాలి. ఎక్కడో దూరాన ఉన్న వెక్టర్ సూపర్‌కంప్యూటర్ ఒకటి వాడుకునే వీలు మాకు దొరికింది. వందల గళ్ళ లెక్కను అది ఒక్క ఊపులో చేసేస్తుందన్నారు. తీరా చూస్తే నా ప్రోగ్రాం దాని మీద నత్తనడక నడిచింది. తుపాను తీరం దాటాక గానీ జవాబు వచ్చేది కాదు. అప్పుడొచ్చిన జవాబు ఎవరికి కావాలి? మా ఊళ్ళో అన్నయ్య కాపురం సముద్రపు ఒడ్డునే. అందుకని నాకది ఉద్యోగం గొడవ ఒక్కటే కాదు.

మా టీమ్‌కి పెద్ద, శేరిలింగంపల్లిలో పుట్టి పెరిగినావిడ. మేడమ్ అనేవాళ్ళం. ఆవిడ టిఫిన్ డబ్బా తెరిస్తే పచ్చిపులుసు వాసనకి సగం ఫ్లోరు తలలు తిప్పేది. ఒక మధ్యాహ్నం అన్నం తింటూనే నా స్క్రీన్ వైపు చూసి, "ఏందమ్మా ఇది? ప్రతి గడి పక్క గడి కోసం ఎదురు చూస్తుంటే మిషన్ ఏం చేస్తది? చదరంగం బల్ల లెక్క చెయ్యి. ముందు తెల్లగళ్ళన్నీ ఒక్కసారే, ఆ తర్వాత నల్లవి" అంది.

నిజమే, తెల్లగడికి నాలుగు పక్కలా నల్లవే ఉంటాయి. తెల్లవాటికి ఒకదాని కోసం ఒకటి ఆగే పనే లేదు. అలాగే మార్చి రాశాను. టీ తాగి వచ్చేసరికి జవాబు సిద్ధం! కానీ పాత తుపాను కొలతలతో పోలిస్తే ఒడ్డున నీళ్ళు బాగా తక్కువ చూపించింది. రాసిందంతా మళ్ళీ మొదటి నుంచి వెతకడం మొదలుపెట్టాను.

"పరేషాన్ గాకు. జర ఒడ్డు గళ్ళు చూడు" అంది మేడమ్.

చూస్తే, ఒడ్డు వెంట ఉన్న గళ్ళను రెండు రంగుల్లో దేనిలోనూ చేర్చలేదు. సరిచేశాక లెక్క కొలతలతో కలిసింది.

ఆ ఏడే తుపాను మా ఊరి వైపు తిరిగింది. ఈసారి మా లెక్క ఒక పూట ముందే అధికారులకు చేరింది. అన్నయ్యకి ఫోన్ చేశాను.

"మైకులో చెప్పారే, అందరం హైస్కూల్లో ఉన్నాం. పప్పులో ఉప్పు తక్కువైందని మీ వదిన వంటవాళ్ళతో పోట్లాడుతోంది" అన్నాడు.

ఆఫీసు మెట్ల మీదే కూలబడి ఏడ్చాను, నవ్వాను. "ఇగ ఫికర్ ఎందుకు? ఇంటికి పోయి పండుకో" అంటూ మేడమ్ నా బ్యాగు తెచ్చి ఒళ్ళో పెట్టింది.

మర్నాడు అన్నయ్య ఇంట్లో కిటికీల ఎత్తున నీళ్ళు నిలిచాయి. లోపల మనుషులు మాత్రం లేరు. ఒక పూట అంటే ఎంత పెద్ద కాలమో, అందులో ఊరు ఊరంతా పిల్లాజెల్లాతో నడిచిపోవచ్చని నాకు అప్పుడే తెలిసింది.