కొప్పా, ముడా?

మ్యూజియం వెనకగదిలో ఆవిడను అందరూ నాణేలక్క అనేవారు. వందల ఏళ్లు చేతులు మారి, మట్టిలో మగ్గి, చొక్కా గుండీల్లా నున్నబడ్డ రోమన్ కంచు నాణేలు ఎవరి కాలానివో తేల్చడం ఆవిడ ఉద్యోగం. వాటిమీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయి ఉండేవి. బల్లదీపాన్ని పక్కకు వంచి నాణేన్ని మెల్లగా తిప్పితే, నీడలోంచి ఒక మెడ వంపో, గడ్డమో పైకి తేలేది.

ఎదురుబల్ల దగ్గర కొత్తగా చేరినాయనకీ ఆవిడకీ మొదట్లో క్షణం పడేది కాదు. ఒక నాణెం మీది తల వెనక చిన్న బుడిపె కనిపించింది.

“కొప్పండీ అది. రాణీగారు,” అన్నాడాయన.

“కొప్పూ కాదు, కాకరకాయా కాదు. తలకు చుట్టిన ఆకుల దండ ముడి. చక్రవర్తి.”

“ఆడవాళ్లయ్యుండీ కొప్పు పోల్చుకోలేరా?”

“మీకు కొప్పులు బాగా అలవాటులా ఉందే!”

గదంతా గొల్లుమంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాణెం తేలనివాటి సొరుగులోకి పోయింది గానీ, తగువు మాత్రం వాళ్ల వెంట టీకొట్టుకీ, పెళ్లయ్యాక కాపురానికీ వచ్చింది. కూతురికి వంకరటింకరగా జుట్టు ముడేసి, “వెనకనుంచి చూస్తే మీ అమ్మ నిన్ను చక్రవర్తి అంటుందే,” అనేవాడాయన.

ఆయన పోయాక ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆవిడ రిటైరైంది. మ్యూజియం వైపు వెళ్లడానికి కాళ్లు రాలేదు.

అదే గదిలో ఉద్యోగానికి చేరిన కూతురు ఒకరోజు ఫోన్ చేసింది. “అమ్మా, నువ్వోసారి రావాలి. మీ నాణేనికి తోబుట్టువు దొరికింది.”

వెళ్లింది. కూతురు రెండు నాణేలూ పక్కపక్కన పెట్టింది. “ఒకే అచ్చుతో కొట్టినవి. అచ్చు బీటవారిన గీత రెండింటికీ మెడ కిందే ఉంది, చూడు.”

కొత్తగా దొరికింది పెద్దగా అరగలేదు. తల వెనక పాయలు పాయలుగా చుట్టిన జడ స్పష్టంగా కనిపిస్తోంది. ఆవిడ చాలాసేపు చూసింది.

“కొప్పేనే,” అంది చివరికి.

“నాన్నుంటే ఇల్లెక్కి అరిచేవాడు.”

“ఉన్నన్నాళ్లూ నా మీద నెగ్గింది లేదు. తిరిగి ఓ మాట అనే వీల్లేకుండా చేసి నెగ్గాడు, దొంగ మనిషి!”

నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఆ సాయంత్రం తల్లీకూతుళ్లు నడిచే ఇంటికొచ్చారు. పెళ్లినాడు ఆయన వాళ్లన్నయ్య బూట్లు తొడుక్కుని అడుగు తీసి అడుగు వేయలేక అవస్థపడ్డ సంగతి చెప్పింది ఆవిడ. కూతురు అంతకుముందెన్నడూ విననిది. ఇల్లు వచ్చినా మాటలు అయిపోలేదు. ఇద్దరూ వీధి చివరిదాకా ఇంకోసారి నడిచారు.